పోగులు తీసిన గళ్ళ గుడ్డ

పోయిన నెల తిరువళ్ళూరులో కంటి డాక్టరుకు చూపించుకుని తిరుత్తణి బస్సులో తిరిగి వస్తున్నాను. కిటికీ పక్క సీటు దొరికింది గనుక, చిన్నప్పటి అలవాటు చొప్పున రోడ్డు పక్కన కనిపించిన ప్రతి బోర్డూ చదువుకుంటూ కూర్చున్నాను. తమిళమో, ఇంగ్లీషో, ఏ ఎరువుల అంగడి మీదనో మాసిపోయిన నాలుగు తెలుగు ముక్కలో, అక్షరం కనబడితే వదలని మనిషిని నేను. తిరుత్తణి ఇంకా రాకముందే, మొన్నటిదాకా ముళ్ళకంపలు మొలిచి ఉన్న జాగాలో, అద్దాలతో తళతళలాడే బట్టల షోరూం ఒకటి లేచి ఉంది. దాని గోడ మీద రెండంతస్తుల ఎత్తున మా బావ నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

బావంటే మా మేనత్త కొడుకు, నాకంటే కొంచెం పెద్దవాడు. గోడ మీద ఉన్నది ఇప్పటి బావ కాదు, పాతికేళ్ళు నిండని నాటి బావ. నున్నగా దువ్విన జుట్టు, తెల్ల చొక్కా, జేబుకు పెన్ను. అతని పక్కన తలకు గళ్ళ గుడ్డ చుట్టుకున్న ఒక ఆఫ్రికా ఆమె, ఆమెకు అటువైపు మా అత్త. ఆ ఫోటోలో నేనూ ఉన్నాను. వాళ్ళ ముందర గుంట మగ్గంలో కూర్చున్నవాణ్ణి గనుక నా తల, భుజాలు మాత్రం కిందివైపు పడ్డాయి. సరిగ్గా అక్కడే ఎర్రగా గుండ్రంగా ఒక కాగితం అంటించి తగ్గింపు ధరల సంగతి రాశారు. బస్సు దాటిపోయింది గానీ నా కడుపులో మంట దాటిపోలేదు. కళ్ళలో ఉన్న పొర డాక్టరుగారి యంత్రంలో కనబడింది. ఇది ఏ యంత్రంలో కనబడుతుంది?

ఇంటికి వచ్చి ఆ సంగతి బావకు ఫోనులో చెబితే అతనికి అప్పటికే తెలుసు.

“చూసినావా బామ్మర్దీ? నేను రెండు మిద్దెల ఎత్తు ఉండాను. నీ తలకాయ డిస్కౌంటు కింద ఉండాది,” అని పగలబడి నవ్వాడు.

నేనూ నవ్వాను. ఫోను పెట్టేశాక ఆ రాత్రి అన్నం సయించలేదు. ఈ వయసులో అసూయేమిటని మా ఇంటావిడ మందలించింది గానీ, నా ఈడువాళ్ళకు చెబితే అర్థం చేసుకుంటారు, కొన్ని అసూయలు మనతో పాటు పెరిగి, పెద్దవై, కళ్ళజోడు కూడా పెట్టుకుంటాయి.

మాది కే.జీ.కండిగై దగ్గర నేతపని వీధి. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. ఏ ఇంటి ముందు గదిలో చూసినా నేలలో తవ్విన గుంట, అందులో కాళ్ళు దించుకుని కూర్చుని నేసే మగ్గం. మీలో గుంట మగ్గం చూసినవాళ్ళుంటే తెలిసే ఉంటుంది, అందులో కూర్చున్నవాడికి లోకమంతా మోకాళ్ళ ఎత్తునుంచే కనబడుతుంది. వచ్చినవాళ్ళ ముఖాల కంటే ముందు చెప్పులే తెలుస్తాయి. మేము నేసేది ఎరుపు, నీలం, పసుపు గళ్ళ గుడ్డ. అది ఇక్కడెవరూ కట్టుకునేది కాదు, ఓడెక్కి ఆఫ్రికా పడమటి తీరానికి పోయేది. నూలు ముదలాళిది, రంగు ముదలాళిది, నేసిన గుడ్డ ముదలాళిది. చేతులు మాత్రం మావి. ముదలాళి అంటే యజమాని. ఆయనా మా తెలుగువాడే, ఒక తరం ముందు మద్రాసు చేరి ఎగుమతి వ్యాపారంలో నిలదొక్కుకున్నవాడు. తిరుత్తణిలో ఒక ఆఫీసు పెట్టి మా చుట్టుపక్కల మగ్గాలన్నింటికీ నూలు ఇప్పించేవాడు.

నాకు మగ్గం కాకుండా ఇంకో లోకం ఉండేది. వారానికొకసారి తిరుత్తణికి సైకిలు మీద గుడ్డ చేర్చినప్పుడల్లా అక్కడి గ్రంథాలయంలోకి దూరేవాణ్ణి. ఒక మూల బీరువాలో తెలుగు పుస్తకాలు ఉండేవి, వాటిని తెరిచేవాళ్ళు లేక పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉండేవి. అవన్నీ చదివాను. తర్వాత తమిళం బీరువాలకు పోయాను. అవి తరగకముందే, పదాలకు అర్థాలు రాసి ఉన్న లావుపాటి నిఘంటువును ఒడిలో పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాల మీద పడ్డాను. నాకు ఇంగ్లీషు నేర్పిన మనిషి ఎవరూ లేరని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వం. గ్రంథపాలకుడు మంచివాడు, నేను నూలు దుమ్ముతో వచ్చినా ముక్కు చిట్లించుకునేవాడు కాదు, చేతులు మాత్రం కడుక్కుని రమ్మనేవాడు.

ఆ ఇంగ్లీషు బీరువాలోనే, వ్యాపార చరిత్ర మీద ఒక పుస్తకంలో, ఒక మధ్యాహ్నం మా గళ్ళ గుడ్డ నాకు ఎదురయింది. యూరపు వర్తకులు ఓడల్లో ఆఫ్రికా తీరానికి పోయి మనుషుల్ని కొనేటప్పుడు బదులుగా ఇచ్చిన సరుకుల్లో తుపాకులు, సారాయి, పూసలతో పాటు మన తూర్పు తీరంలో నేసిన బట్టలు, గళ్ళ గుడ్డలూ ఉన్నాయట. ఆ వాక్యం నిఘంటువు సాయంతో మళ్ళీ మళ్ళీ చదివాను. ఇన్ని గజాల గుడ్డకు ఒక మనిషి. అంతవరకూ పెట్టుబడి, లాభం అనే మాటలు నాకు పుస్తకాల మాటలు. ఆ రోజునుంచి నూలు వాసన వేసే మాటలయ్యాయి. ఆ తర్వాత ఆ విషయం మీద దొరికినవన్నీ చదివాను. నాకు అర్థమైనంతలో, ఆ జనాన్ని నల్లగా ఉన్నారని బానిసల్ని చేయలేదు. చెరకు తోటలకూ పత్తి తోటలకూ కూలి ఇవ్వనక్కర్లేని మనుషులు కావాల్సి వచ్చారు, పట్టుకుపోయారు, పట్టుకుపోయినదానికి సమాధానం చెప్పుకోవడానికి నలుపును నీచం చేసి పెట్టారు. ముందు లాభం, వెనక ఏవగింపు. చదివిన ఈ మాటను నేను మా వీధిలోనే కళ్ళారా చూస్తానని అప్పుడు అనుకోలేదు.

మా బావ నిమ్మపండు రంగు. అత్త పోలిక. నేను మా అమ్మ పోలిక, మా అమ్మది ఇనుప పెనం రంగు. చిన్నప్పుడు ఎవరింట్లో పేరంటం జరిగినా బావను ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాళ్ళు, నన్ను నీళ్ళు తెమ్మనేవాళ్ళు. ఇవి పెద్ద సంగతులు కావని మీరనవచ్చు, నేనూ అలాగే అనుకుని ఊరుకున్నాను, ఆ కుర్చీ వచ్చేదాకా.

తిరుత్తణి ఆఫీసులో, బయటి దేశాల నుంచి వచ్చే కొనుగోలుదార్లకు సరుకు చూపించడానికి ఒక మనిషి కావాలని ముదలాళి కబురు పెట్టాడు. గుండ్రంగా తిరిగే ఆకుపచ్చ రెక్సిన్ కుర్చీ, పైన ఫ్యాను, నెల జీతం. అన్నింటికంటే మించి, ఆ కుర్చీలో కూర్చున్నవాడి ముఖాన్ని వచ్చినవాళ్ళు సూటిగా చూస్తారు. వీధిలో ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను. ముదలాళి నన్ను ఇంగ్లీషు పత్రిక చదవమన్నాడు, చదివాను. అర్థం చెప్పమన్నాడు, చెప్పాను. తోడుగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడిన బావను చూసి, నువ్వెవరప్పా అని అడిగాడు. బావ నవ్వాడు. అంతే, ఆ నవ్వుతో పని అయిపోయింది.

“చదువు బాగా ఉండాదప్పా నీకు, కాదనను. కుర్చీలో కూచునేదానికి ఒక ముఖం కావాల గదా,” అన్నాడు ముదలాళి నాతో. చెడ్డగా అనలేదు, నూలు రకం చెప్పినట్టు చెప్పాడు.

అప్పటినుంచి నా బతుకంతా ఆ కుర్చీ చుట్టూ తిరిగింది. బావ పౌడరు వాసన మీద నాకు అసూయ. అతని మెడ మీద చెమట పట్టకపోవడం మీద అసూయ. హోటలు నుంచి గాజు గ్లాసులో కాఫీ వస్తుందట, అతను సగం తాగి వదిలేస్తాడట, ఆ వదిలేసిన సగం మీద కూడా అసూయ. వారం చివర సైకిలు మీద గుడ్డ తీసుకుపోతే సరి చూసుకునేది అతనే. ‘ఏం బామ్మర్దీ, బాగుండావా’ అని ప్రేమగానే అడిగేవాడు, ఆ ప్రేమ మీద కూడా నాకు అసూయే. కుర్చీలో కూర్చున్నవాడికి ప్రేమగా ఉండటం ఎంత సులువో అనిపించేది. మళ్ళీ గుంటలోకి దిగి మగ్గం ఆడిస్తూ, కొనేవాళ్ళు ఎవరైనా వచ్చి బావను ఒక ప్రశ్న వేసి, అతను తెల్లముఖం వేస్తే, అప్పుడు నన్ను పిలుస్తారని ఎదురు చూసేవాణ్ణి.

మొదట ఒక తెల్లాయన వచ్చాడు. ఆయనకు పూలదండ, టెంకాయ నీళ్ళు, కూర్చోవడానికి ముదలాళి సొంత కుర్చీ. కొంచెం సరుకే కొన్నాడు. ప్రశ్నలేమీ వేయలేదు, బావ నవ్వు సరిపోయింది. కొన్నాళ్ళకు ఆఫ్రికా ఆమె వచ్చింది. ఆమె పెద్ద వర్తకురాలట, వాళ్ళ తీరంలో మా గుడ్డ ఎక్కువగా ఆమె చేతులమీదుగానే అమ్ముడవుతుందట. ఆమెకు దండ లేదు. మడత ఇనుప కుర్చీ వేశారు. మా వీధిలోకి కారు దిగి ఆమె నడిచి వస్తుంటే పిల్లలు వెంటపడ్డారు, ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా పెదనాయన భార్య, తను మా అమ్మకంటే ఒక ఛాయ నలుపు, ‘పావం, ఎంత నల్లగా ఉండాదో’ అని జాలిపడింది. గుంటలో కూర్చుని నేను ఆమె చెప్పులు చూశాను, వాటి అంచుకు కుట్టిన గళ్ళ గుడ్డ చూశాను. మేము నేసిందే.

ఇళ్ళు పైపైన చూసి, మళ్ళీ సాయంత్రం తీరిగ్గా వస్తానని ఆమె ముదలాళితో కలిసి తిరుత్తణికి భోజనానికి పోయింది. పోతూ తన చేతిసంచి బావకు అప్పజెప్పింది. సంచి పైభాగంలో మడిచిన గుడ్డ ఒకటి కనబడుతుంటే, సరుకు నమూనా అనుకుని బావ విప్పి చూశాడు. చూసి, సంచిని చంకలో పెట్టుకుని పరుగున ఇంటికి వచ్చాడు.

“అమ్మా, తలుపు దగ్గరగా వెయ్యి. కంప్లెయింటు వచ్చినాది. ముదలాళి చూసేలోపల పోగులు కట్టెయ్యాల,” అన్నాడు.

నేత మాదే, అచ్చంగా మా వీధి గళ్ళు. ఒక చెంగు వైపు మాత్రం పోగులు లేవు. పడుగులో కొన్ని, పేకలో కొన్ని తెగిపోయి అక్కడంతా జల్లెడలాగా వెలుతురు కనబడుతోంది. ఇక్కడ మా వీధి కట్టడి ఒకటి చెప్పాలి. పోగు తప్పిన గుడ్డ తిరిగి వస్తే నేసినవాడి కూలి కోస్తారు గనుక, అలాంటి గుడ్డ ముదలాళి కంటపడకముందే మనవాళ్ళ చేతికి చిక్కితే, అది ఎవరి మగ్గం మీద దిగిందని ఎవరూ అడగకూడదు. ఎవరి చేతులు ఖాళీగా ఉంటే వాళ్ళు సూదులు తీసుకుని కూర్చోవాలి, అదే రంగు నూలుతో ఒక్కొక్క పోగూ ఎక్కించి, అతుకు తెలియకుండా చేసి పంపేయాలి. అడగకపోవడమే మర్యాద. పోగు తప్పడం అనేది మాకు ఇంట్లో దీపం ఆరిపోవడంలాంటిది, చూస్తూ ఊరుకోలేము.

అత్త, మా అమ్మ, నేను కూర్చున్నాము. కంటి చూపు బాగుంటుందని నన్ను పిలిచారు. నా మనసులో ఏముందో దాచడమెందుకు, కంప్లెయింటు బావ హయాంలో వచ్చిందన్న సంతోషం సూదికంటే వాడిగా ఉంది. అయినా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఎలుక కొరికిందా, ఓడలో మేకు తగిలిందా అని ఆలోచిస్తూ ఉంటే అత్త గుడ్డను వెలుతురుకు పట్టి చూసి నవ్వింది.

“ఎలకలు గూడా గళ్ళు చూసుకోని కొరికినాయి చూడు, ఒగటి తప్పించి ఒగటి,” అంది.

అందరం నవ్వాము. ఎవరికీ ఏమీ తోచలేదు, ఇన్ని పుస్తకాలు చదివిన నాకూ తోచలేదు. చెంగు మూల ఒక జానెడు మిగిలి ఉండగా వీధిలో కారు ఆగింది. అత్త నూలు తుంచి, గుడ్డ మడత పెట్టి, ముఖం తుడుచుకుని నిలబడింది. నేను గబగబా అత్త మగ్గంలోకి దిగాను.

ఆమె లోపలికి వచ్చి బావ అందించిన సంచి తీసుకుంది, గుడ్డ తీసి విప్పింది. అత్త ముఖంలో మెచ్చుకోలు కోసం ఎదురుచూపు నాకు ఇప్పటికీ కనబడుతుంది. ఆమె గుడ్డను అటు తిప్పింది, ఇటు తిప్పింది. చెంగు పట్టుకుని వేళ్ళతో తడుముతూ మూలదాకా వచ్చి, మిగిలిన జానెడు దగ్గర ఆగిపోయింది. గుడ్డను ముఖానికి ఆనించుకుంది. తర్వాత మెల్లగా ఏదో అడిగింది. బావ నవ్వాడు. మళ్ళీ అడిగింది. బావ మళ్ళీ నవ్వాడు గానీ ఈసారి నవ్వు అతకలేదు, నా వైపు చూశాడు.

నేను ఎదురు చూసిన నిమిషం అదే. గుంటలోంచి లేచి, నూలు దులుపుకుని, నిఘంటువులో నేర్చుకున్న ఇంగ్లీషులో మొదటిసారి ఒక మనిషితో మాట్లాడాను.

ఆమె చెప్పింది విని నేను తెలుగులో చెప్పాను. వాళ్ళ ఊళ్ళో మా గుడ్డను కొన్నది కొన్నట్టు వాడరట. ఆడవాళ్ళు కూర్చుని, బ్లేడుతో ఒక్కొక్క పోగు తెంచి, లాగి, తాబేలు వీపు మీది గీతల్లాంటి పని చేస్తారట. దూరం నుంచి వచ్చిన గుడ్డ అలా పోగులు తీస్తేనే తమది అవుతుందట. బిడ్డ పుడితే అందులోనే చుడతారట, పెద్దవాళ్ళు పోతే పడుకోబెట్టిన మంచం మీద అదే పరుస్తారట. ఈ గుడ్డ వాళ్ళ అమ్మ చేతిపని, ఆ తల్లి ఈ మధ్యనే పోయింది. నేసినవాళ్ళకు చూపించాలని అంత దూరం మోసుకొచ్చింది.

అత్త కింద కూలబడింది.

“అయ్యో తల్లీ, సచ్చిపోయినామె చేతిపని పూడ్చేసినానే. చెప్పరా అల్లుడా, మాకు తెలీదని చెప్పు,” అంది.

నేను చెప్పాను, మా కట్టడి సంగతీ చెప్పాను, ఎవరిదని అడగకుండా కడతామని. అది విని ఆమె కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. వాళ్ళ అమ్మ బతికుంటే అందరికంటే ఎక్కువ నవ్వేదని అంది. అత్త చేయి పట్టుకుని, అతికిన చోటు చూపించమంది. అత్త చూపించింది. ఆమె వేలికి అది దొరకలేదు. బావను అడిగి గడ్డం గీసుకునే బ్లేడు తెప్పించుకుని, అరుగు మీద కూర్చుని, అత్త ఎక్కించిన పోగుల్లో ఒకటి తెంచి లాగి, ఇట్లా అని చూపించి, బ్లేడు అత్త చేతిలో పెట్టబోయింది. అత్త చేతులు వెనక్కి పెట్టుకుంది.

“నా చేత కాదమ్మా. పోగు తెంచేదానికి నాకు చెయ్యి రాదు.”

అక్కడితో నేను ఆగి ఉండవచ్చు. కానీ మాట్లాడటానికి ఒక మనిషి దొరకక పుస్తకాలన్నీ గొంతుదాకా నిండి ఉన్నవాణ్ణి. నేను చదివినది ఆమెకు చెప్పాను, ఇదే గుడ్డ ఇచ్చి మీ మనుషుల్ని ఓడల్లో పట్టుకుపోయారని పుస్తకంలో ఉందని. గొప్ప సంగతి చెప్పానన్నట్టే చెప్పి ఉంటాను. ఆమె బ్లేడు పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

“ఆ గుడ్డ దేనికి బదులుగా వచ్చిందో మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మీ ఊళ్ళో ఎవరికి తెలుసు?”

నాకు తప్ప ఎవరికీ తెలియదని ఒప్పుకున్నాను. ఆమె గది చుట్టూ చూసింది. మా అమ్మ కట్టుకున్న మిల్లు చీర, నా మిల్లు లుంగీ, దండెం మీది తువ్వాళ్ళు, అన్నీ చూసి, మీ ఇళ్ళలో మీరు నేసిన ఈ గుడ్డ ఒక్క ముక్కైనా ఉందా, చూపించండి, అంది. నేను అత్తకు చెప్పాను.

“మన దగ్గిర ఎట్లుంటాది నాయినా, అది ముదలాళిది గదా,” అంది అత్త, అందులో ఆశ్చర్యపడటానికేముందన్నట్టు.

ఆ మాటను ఇంగ్లీషులోకి ఎలా మార్చాలో నాకు తెలుసు, పదాలన్నీ తెలుసు. నోరు రాలేదు. అప్పటికే ముదలాళి గుమ్మంలో నిలబడి వింటున్నాడు.

ఆయన కోపం చూపించలేదు. స్టూడియో మనిషిని పిలిపించి ఫోటో తీయించాడు, ఇప్పుడు ఆయన వారసుల షోరూం గోడ మీద ఉన్నది అదే. ఆమెను నడుమ నిలబెట్టి, అత్తను ఒక పక్క, బావను ఇంకో పక్క ఉంచి, నన్ను మగ్గంలోకి దిగి నేస్తున్నట్టు కూర్చోమన్నాడు. ఆమె ఆ రోజు ఇచ్చిన ఆర్డరు తెల్లాయన దానికంటే చాలా పెద్దది. మా వీధి మగ్గాలు చాలాకాలం దాని మీదే ఆడాయి. వెళ్ళేముందు ఆమె అత్తను కౌగిలించుకుంది. నాకు చేయి ఇచ్చింది. బావకు మాత్రం ఏమీ ఇవ్వలేదని తృప్తిపడబోయాను, ఆ ఇవ్వాల్సింది ముదలాళి ఇచ్చాడు.

కారు పోయాక, ఇప్పుడైనా కుర్చీ సంగతి తేలుతుందని నేను అక్కడే నిలబడి ఉన్నాను. తేలింది.

“వానికి ఇంగ్లీషు రాదు, అందుకే వాడే మేలు. నీకు వచ్చు. వచ్చేవానికి నోరు నిలవదు,” అన్నాడు ముదలాళి. ఆ నెలనుంచే బావ జీతం పెరిగింది.

కుర్చీ కోసం చదివిన చదువే కుర్చీకి అడ్డమైంది. నేను తప్పు మాట్లాడానని ఆ రోజు అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ముదలాళి లెక్క ముదలాళిది. సరుకు ఎక్కడినుంచి వచ్చింది, దేనికి బదులు పోయింది అని అడగనివాడే ఆ కుర్చీకి తగినవాడు, వాడి రంగు కూడా కొంచెం పచ్చగా ఉంటే ఇంకా మంచిది. ఈ ఏర్పాటు వందల ఏళ్ళుగా నడుస్తోందని నేను చదివాను. చదివినదంతా నిజమని తెలుసుకోవడానికి నేను ఆ కుర్చీ పోగొట్టుకోవాల్సి వచ్చింది.

బావ ఆ కుర్చీలో చాలాకాలం కూర్చున్నాడు. నేను మగ్గం మీద అంతకాలమూ ఉండలేకపోయాను. మరమగ్గాలు వచ్చి గుడ్డ ధర పడిపోయాక, తిరువళ్ళూరు పక్కన ఒక ఇనుప కంపెనీ గోడౌనులో కాపలా పని చూసుకున్నాను. అక్కడ ముందు గదిలో అద్దం వెనక పచ్చని పిల్లను కూర్చోబెట్టారు. వెనక కొలిమి దగ్గరకు ఒడిశా నుంచీ బీహారు నుంచీ కుర్రాళ్ళను దింపారు. వాళ్ళను మనవాళ్ళు పిలిచే పేర్లు నేనిక్కడ రాయను. వాళ్ళ కూలి తక్కువెందుకని మా తమ్ముడి కొడుకును అడిగితే, వాడక్కడ సూపర్వైజరు, వాళ్ళు అట్లాంటివాళ్ళే పెదనాయనా, వాళ్ళకు అంతే చాలు అన్నాడు. ముందు కూలి తగ్గించి, వెనక మనిషిని తగ్గించారని వాడికి చెప్పబోయాను. ఫోను చూసుకుంటున్నాడు, ఊరుకున్నాను. గ్రంథాలయంలో ఇప్పుడు పోటీపరీక్షల పుస్తకాలు ఎక్కువ. తెలుగు బీరువా ఎక్కడికి పోయిందో అడిగితే కొత్త గ్రంథపాలకురాలికి, తెలుగు బీరువా అనేది ఒకటి ఉండేదని కూడా తెలియదు.

మా వీధిలో మగ్గం గుంటలన్నీ పూడ్చేశారు. మట్టి పోసి, సిమెంటు వేసి, పైన టైల్స్ పరిచారు. ఎక్కడ ఉండేదో కాలితో తడిమినా తెలియదు. అత్త పోయింది, అమ్మ పోయింది. అత్త పోయినప్పుడు మీద కప్పడానికి, ఆమె బతుకంతా నేసిన ఆ గళ్ళ గుడ్డ ఒక్క ముక్క కోసం ఇల్లిల్లూ అడిగాను. ఏ ఇంట్లోనూ లేదు. అంగట్లో కొన్న పాలిస్టరు శాలువా కప్పి పంపించాము.

బావ మీద నా అసూయకు ఇంక ఆయుష్షు ఎంతో లేదు. అతనికీ కుర్చీ పోయింది, మోకాళ్ళు పోయాయి, నాకంటే ముందే పళ్ళు కట్టించుకున్నాడు. కానీ ఆమె మీద, ఆమె ఊరి ఆడవాళ్ళ మీద నా అసూయ మాత్రం తగ్గడం లేదు. తమ మనుషులకు బదులుగా దిగిన గుడ్డ అది, అయినా వాళ్ళు దాన్ని పారేయలేదు, మరిచిపోనూలేదు. కూర్చుని, పోగు పోగు తెంచి, తమదిగా చేసుకున్నారు. ఎక్కడో సముద్రం అవతల ఈ రోజు కూడా ఒక తల్లిని సాగనంపే మంచం మీద మా అత్త నేసిన గుడ్డ పరిచి ఉంటుంది, చుట్టూ ఉన్నవాళ్ళు అది మాది అనుకుంటూ ఉంటారు. నేసినవాళ్ళం మేము ఆ మాట ఒక్కసారీ అనుకోలేకపోయాము.